ఇల్లు అమ్మేవారికీ ఏజెంటుకూ మధ్య కమీషన్ పేచీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు అమ్మకానికి పెట్టిన రోజు కమీషన్ గురించి గట్టిగా మాట్లాడటానికి ఇద్దరికీ మొహమాటమే. ఆ మొహమాటమే రిజిస్ట్రేషన్ నాటికి పేచీగా మారుతుంది. ఈ ప్రశ్నలన్నీ అమ్మేవారి వైపు నుంచి అడిగినవి. జవాబులు మాత్రం రెండు వైపులా చూసి రాసినవి. పని చేసిన ఏజెంటుకు డబ్బు ఎగ్గొట్టే ఉపాయాలు ఇక్కడ దొరకవు. చేయని పనికి డబ్బు కట్టమని కూడా ఇక్కడ ఎవరికీ చెప్పడం లేదు.

కమీషన్ అసలు ఎప్పుడు ఇవ్వాలి? పార్టీని తెచ్చినప్పుడా, అడ్వాన్స్ ముట్టినప్పుడా, రిజిస్ట్రేషన్ అయ్యాకా?

నూటికి తొంభై తగాదాలకు మూలం ఈ ఒక్క ప్రశ్నే అని నా అభిప్రాయం. ఎంత శాతం అన్నది అందరూ మాట్లాడుకుంటారు, ఏ ఘడియకు బాకీ పడుతుందన్నది మాత్రం వదిలేస్తారు.

ముందు అగ్రిమెంటు తీసి చదవండి. "అమ్మకం పూర్తయ్యాక" అని ఉంటే రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఏజెంటుకు హక్కు పుట్టదు. "అమ్మకపు ఒప్పందం కుదిరిన వెంటనే" అని ఉంటే, అడ్వాన్స్ తీసుకుని సంతకాలు చేసిన రోజే బాకీ పడ్డట్టు. "కొనడానికి సిద్ధంగా ఉన్న, డబ్బు కట్టే స్తోమత ఉన్న పార్టీని తెచ్చిన వెంటనే" అని ఉంటే, మీరు అమ్మినా అమ్మకపోయినా కమీషన్ అడగవచ్చు. అమ్మేవారికి అన్నిటికంటే ప్రమాదకరమైనది ఈ మూడో వాక్యం. బ్రిటన్‌లో 1991 నాటి నిబంధనల ప్రకారం, అగ్రిమెంటులో ఈ మాట వాడే ఏజెంటు దాని అర్థమేమిటో, అమ్మకం ఆగిపోయినా డబ్బు కట్టాల్సి రావచ్చన్న సంగతేమిటో యజమానికి రాతపూర్వకంగా వివరించి తీరాలి.

అగ్రిమెంటులో ఏమీ లేకపోతే? భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 219వ సెక్షన్ సూటిగానే చెబుతుంది: ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, అప్పగించిన పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదు. ఇంటి విషయంలో పని పూర్తి కావడమంటే మామూలుగా అమ్మకం పూర్తి కావడమే.

రాతకోతలేమీ లేవు, అంతా ఫోన్లోనే మాట్లాడుకున్నాం. అయినా ఇవ్వాలా?

చాలా సందర్భాల్లో ఇవ్వాల్సే వస్తుంది. "కాగితం లేదుగా" అన్న ధీమా చాలామందిని కోర్టు దాకా తీసుకెళ్లి, అక్కడ ఓడించింది.

2019లో బ్రిటన్ సుప్రీం కోర్టు తేల్చిన వెల్స్, దేవానీ కేసు చూడండి. లండన్‌లో ఫ్లాట్లు కట్టిన ఒకాయన దగ్గర కొన్ని అమ్ముడుపోకుండా మిగిలాయి. ఏజెంటు ఫోన్ చేసి తన రేటు 2 శాతం అన్నాడు, పైన పన్ను అదనం. ఏ రోజు కట్టాలన్న మాటే రాలేదు. తర్వాత ఆ ఏజెంటు తెచ్చిన సంస్థే ఆ ఫ్లాట్లను 21 లక్షల పౌండ్లకు కొన్నది. ఎప్పుడు కట్టాలో తేలలేదు కాబట్టి అది ఒప్పందమే కాదని యజమాని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అమ్మకం పూర్తయి, యజమాని చేతికి డబ్బు వచ్చినప్పుడు అందులోంచి కమీషన్ కట్టాలన్నదే అలాంటి మాటకు సహజమైన అర్థం అని తీర్పు చెప్పింది.

అయితే ఏజెంటూ నష్టపోయాడు. చట్టం ప్రకారం ముందే ఇవ్వాల్సిన షరతుల కాగితాన్ని పార్టీ దొరికాక పంపినందుకు కింది కోర్టు అతని కమీషన్‌లో మూడో వంతు కోసేసింది. ఆ కోత చివరిదాకా నిలిచింది.

ఈ విషయంలో అన్నిచోట్లా ఒకే నియమం లేదు. అమెరికాలో కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో రాతపూర్వక ఒప్పందం లేకుండా ఏజెంటు కమీషన్ కోసం దావాలో నెగ్గడం దాదాపు అసాధ్యం. భారత్‌లో నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే, రుజువు చేసుకోగలగాలి అంతే. వాట్సాప్‌లో "2 శాతం ఓకేనా సార్?" అని ఒకరు అడగడం, "సరే, చూద్దాం రండి" అని మరొకరు అనడం, ఆపైన ఐదుసార్లు తాళాలు ఇచ్చి ఇల్లు చూపించడం, ఇవన్నీ కలిపితే రుజువే.

బేరం కుదిరింది, అడ్వాన్స్ కూడా తీసుకున్నాం. కొనేవారికి లోన్ రాక వెనక్కి తగ్గారు. ఏజెంటు కమీషన్ అడుగుతున్నాడు.

"ఒప్పందం కుదిరిన వెంటనే" అని మీ అగ్రిమెంటులో స్పష్టంగా లేకపోతే ఇవ్వనక్కర్లేదనే వాదన బలమైనది. అమెరికాలో ఒకప్పుడు పరిస్థితి వేరుగా ఉండేది. కొనుగోలుదారు సంతకం చేస్తే చాలు, తర్వాత ఏం జరిగినా యజమాని కమీషన్ కట్టాల్సిందే. 1967లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు ఎల్స్‌వర్త్ డాబ్స్ కేసులో ఆ పద్ధతిని తిరగరాసింది. కొనేవారి దగ్గర డబ్బు లేక అమ్మకం ఆగిపోతే, అందులో యజమాని తప్పు లేనప్పుడు, ఏజెంటుకు యజమాని నుంచి కమీషన్ రాదని చెప్పింది. ఇల్లు అమ్మిన డబ్బులోంచే కమీషన్ కడదామనుకుంటాడు మామూలు మనిషి. ఆ అంచనానే కోర్టు గౌరవించింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ ఆ దారిలోకి వచ్చాయి.

మీరు అడ్వాన్స్ జప్తు చేసుకుని ఉంటే అందులో సగం నాదని ఏజెంటు అనవచ్చు. అలా ముందే రాసుకుంటే సరే, రాసుకోకపోతే ఆ వాటా తనంతట తాను పుట్టదు.

మనసు మార్చుకుని ఇల్లు అమ్మడం మానేశాను. ఇప్పటిదాకా తిరిగినందుకైనా ఇవ్వమంటున్నాడు.

ఇంటి యజమానికి అమ్మడం మానుకునే స్వేచ్ఛ ఉంటుంది. దీనికి పెద్ద ఆధారం 1941 నాటి లక్సర్, కూపర్ కేసు. ఈస్ట్‌బోర్న్ పట్టణంలోని సినిమా హాళ్లను 1,85,000 పౌండ్లకు కొనే పార్టీని ఏజెంటు తెచ్చాడు. అమ్మకం పూర్తయితే 10,000 పౌండ్లు ఇస్తామన్నది మాట. యజమానులు ఆ అమ్మకం చేయలేదు. అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏజెంటుకు ఏమీ రాదన్నది. అంత పెద్ద ప్రతిఫలానికి ఒప్పుకున్నవాడు, యజమాని వెనక్కి తగ్గే అవకాశాన్ని కూడా నెత్తిన వేసుకున్నట్టే అన్నది అందులోని తర్కం.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, ఇందాక చెప్పిన "సిద్ధంగా ఉన్న పార్టీ" వాక్యం మీద సంతకం చేసి ఉండటం. రెండోది, ఇంత కాలం అని గడువు పెట్టి ఏజెన్సీ ఇచ్చి, సరైన కారణం లేకుండా మధ్యలో రద్దు చేయడం. అప్పుడు నష్టపరిహారం ఇవ్వాలని భారత కాంట్రాక్టు చట్టం 205వ సెక్షన్ అంటుంది. తగినంత ముందుగా నోటీసు ఇవ్వాలని 206 అంటుంది.

చట్టం సంగతి అటుంచితే, నెలల తరబడి తన ఖర్చుతో ప్రకటనలు వేసి, సెలవు రోజుల్లో జనాన్ని వెంటబెట్టుకుని తిరిగిన మనిషికి ఆ ఖర్చులైనా ఇచ్చి పంపడం న్యాయం. కోర్టు చెప్పేదాకా ఆగక్కర్లేదు.

చివరికి కొన్నది మా బంధువే. ఏజెంటుకు ఏ సంబంధమూ లేదు. అయినా కమీషన్ కావాలట!

మీరు ఏ రకం ఏజెన్సీ ఇచ్చారో చూసుకోవాలి. ఎవరు తెచ్చినవాళ్లు కొంటే వారికే డబ్బు అన్నట్టు నలుగురికి చెప్పి ఉంటే బంధువు కొన్నదానికి ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఒక్క ఏజెంటుకే అప్పగిస్తూ "సోల్ ఏజెన్సీ" ఇస్తే, వేరే ఏజెంటు ద్వారా అమ్మినా ఇతనికి కట్టాలి, సొంతంగా పార్టీని వెతుక్కుంటే కట్టక్కర్లేదు. "అమ్మే పూర్తి హక్కు" అతనికే రాసిచ్చి ఉంటే మాత్రం ఆ గడువులో మీ అన్నదమ్ములు కొన్నా కమీషన్ పడుతుంది. రెండో దానికీ మూడో దానికీ తేడా తెలియక సంతకం పెట్టేవారే ఎక్కువ. ఏజెన్సీ ఇచ్చేటప్పుడే మనసులో ఉన్న బంధువులు, పక్కింటివారు, అద్దెకుంటున్నవారి పేర్లు రాసి "వీరు కొంటే కమీషన్ లేదు" అని చేర్పించండి. నిజాయతీ గల ఏజెంటు దానికి అభ్యంతరం చెప్పడు.

ఇద్దరు ఏజెంట్లు ఒకే పార్టీని మేమే తెచ్చామంటున్నారు. ఇద్దరికీ ఇవ్వాలా?

ఇది నిజంగా చిక్కుముడే. మొదట ఎవరు చూపించారన్నది చాలామంది వాడే కొలత. కోర్టులు అక్కడితో ఆగవు, అమ్మకానికి అసలు కారణం ఎవరి పని అని అడుగుతాయి.

బ్రిటన్‌లో 2008లో వచ్చిన ఫాక్స్‌టన్స్ కేసు దీనికి మంచి ఉదాహరణ. ఒక కొనుగోలుదారు ముందు ఫాక్స్‌టన్స్ ఏజెన్సీ ద్వారా ఇల్లు చూసి ఆసక్తి చూపలేదు. కొన్ని నెలల తర్వాత వేరే ఏజెన్సీ ద్వారా మళ్లీ చూసి కొన్నారు. మేమే పరిచయం చేశామని ఫాక్స్‌టన్స్ దావా వేసింది. అప్పీలు కోర్టు ఏమన్నదంటే, మనిషికి ఇంటిని చూపించడం వేరు, మనిషిని కొనుగోలు దాకా నడిపించడం వేరు, కమీషన్ రెండో పనికే. ఫాక్స్‌టన్స్ ఓడిపోయింది.

మీ విషయంలో తేదీల వారీగా ఒక పట్టిక రాసుకుని చూడండి. ఆ పార్టీ మొదటిసారి ఎవరితో వచ్చారు, ఆ తర్వాత ఎన్నాళ్లు మౌనంగా ఉన్నారు, మళ్లీ కదలిక ఎవరి ఫోన్ వల్ల వచ్చింది, ధర మీద బేరం ఎవరు నడిపారు, లోన్ కాగితాలకు ఎవరు తిరిగారు. మొదటి ఏజెంటు చూపించాక మూడు రోజుల్లో రెండో ఏజెంటు దూరి ధర తగ్గిస్తానని లాక్కుపోతే న్యాయం మొదటివాడి వైపే ఉంటుంది. ఆరు నెలల మౌనం తర్వాత రెండో ఏజెంటు కొత్తగా కష్టపడి ఒప్పించి ఉంటే, మొదటివాడి వాదన పలచబడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం మరవొద్దు. ఇద్దరితోనూ విడివిడిగా "సోల్ ఏజెన్సీ" సంతకాలు చేసి ఉంటే, అసలు కారణం ఎవరన్న చర్చ మిమ్మల్ని కాపాడకపోవచ్చు. రెండు ఒప్పందాల కింద రెండుసార్లు కట్టాల్సి రావచ్చు. ఏజెంటును మార్చేటప్పుడు పాతవారు చూపించిన పార్టీల జాబితా రాతలో తీసుకుని కొత్తవారికి ఇవ్వండి. ఆ పేర్లలో ఎవరైనా కొంటే ఇద్దరూ ఎలా పంచుకుంటారో అప్పుడే తేల్చుకోమనండి.

ఏజెన్సీ గడువు అయిపోయింది. నెల తర్వాత, అంతకుముందు ఇల్లు చూసినవాళ్లే వచ్చి కొన్నారు.

అగ్రిమెంటు చివర్లో ఎక్కడో ఇలాంటి వాక్యం ఉంటుంది: "ఈ ఒప్పందం ముగిసిన 180 రోజుల్లోగా, ఒప్పంద కాలంలో ఏజెంటు పరిచయం చేసిన ఎవరికి ఆస్తి అమ్మినా పూర్తి కమీషన్ చెల్లించవలెను." దీన్ని రక్షణ షరతు అనుకోవచ్చు. గడువు ముగిసేదాకా ఆగి, ఏజెంటును తప్పించి అదే పార్టీకి అమ్మే యజమానుల నుంచి రక్షణ కోసం పుట్టింది కాబట్టి, ఆ షరతు ఉండటం అన్యాయం కాదు.

చూడాల్సినవి అందులోని మాటలు. "పరిచయం చేసిన" అంటే ఏమిటి? ఇంటికి తీసుకొచ్చి చూపించినవారా, లేక ప్రకటన చూసి ఫోన్ చేసిన ప్రతివారూనా? గడువు ముగిసిన వారంలోగా పేర్ల జాబితా ఇవ్వాలన్న నియమం ఉందా? ఈలోగా మరో ఏజెంటుకు అప్పగిస్తే ఈ షరతు రద్దవుతుందా? రోజుల సంఖ్యే లేకుండా "ఎప్పటికైనా" అని ఉంటే సంతకం చేయకండి. బ్రిటన్‌లో ఏజెంట్ల మీద ఫిర్యాదులు తేల్చే ప్రాపర్టీ అంబుడ్స్‌మన్ సంస్థ నియమావళి ఈ కాలాన్ని మరో ఏజెంటు కూడా ఉన్నప్పుడు 6 నెలలకు, లేనప్పుడు 2 ఏళ్లకు పరిమితం చేసింది. ఒక కొలతగా అది పనికొస్తుంది.

కొనేవారే "ఏజెంటును పక్కన పెడదాం, ఆ డబ్బు ఇద్దరం మిగుల్చుకుందాం" అంటున్నారు.

వద్దు. నీతి ఒక కారణమైతే, రుజువు దొరకడం రెండోది. మీ సేల్ డీడ్ మీద కొనుగోలుదారు పేరుంటుంది, ఆ పేరు ఏజెంటు ఫోన్లోనూ ఉంటుంది. బేరం ఆగిపోయిందని అతనికి చెప్పిన తేదీ, మీరు రిజిస్టర్ చేసుకున్న తేదీ పక్కపక్కన పెడితే వాదన అక్కడే ముగుస్తుంది. వడ్డీ, కోర్టు ఖర్చులు పైన పడతాయి.

మా ఏజెంటు కొనేవారి దగ్గరా తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

ముందే చెప్పి, ఇద్దరి ఒప్పుదలతో తీసుకుంటే చాలాచోట్ల తప్పు లేదు. దాచి తీసుకుంటేనే ద్రోహం. 1903లో ఇంగ్లాండులో ఆండ్రూస్, రామ్సే కేసులో అమ్మేవారి తరఫు ఏజెంటు 50 పౌండ్ల కమీషన్‌కు కుదిరి, చాటుగా కొనేవారి నుంచి 20 పౌండ్లు పుచ్చుకున్నాడు. ఆ 20తో పాటు 50 కూడా యజమానికి తిరిగి ఇవ్వాలని కోర్టు చెప్పింది. అమ్మకం సవ్యంగా జరిగిందన్నది సాకు కాలేదు. నమ్మకం తప్పిన ఏజెంటుకు ప్రతిఫలమే లేదన్నది అందులోని సూత్రం.

భారత కాంట్రాక్టు చట్టంలోనూ 220వ సెక్షన్ దాదాపు ఇదే చెబుతుంది: ఏ పనిలో దుష్ప్రవర్తన చేశాడో ఆ పనికి ప్రతిఫలం అడిగే హక్కు ఏజెంటుకు ఉండదు. మీకు చెప్పకుండా తనే బినామీ పేరుతో కొనుక్కుంటే 215, 216 సెక్షన్లు ఉన్నాయి. లావాదేవీని తిరస్కరించే దారి ఒకటి, అతనికి వచ్చిన లాభాన్ని రాబట్టే దారి మరొకటి. మీ ఇల్లు కొన్న మనిషి మూడు నెలల్లో ఎక్కువ ధరకు తిరిగి అమ్మితే, ఆ మనిషికీ ఏజెంటుకూ ఉన్న చుట్టరికం ఏమిటో కాస్త ఆరా తీయండి.

"నాకు ఇంత వస్తే చాలు, పైన ఎంతొచ్చినా నీదే" అన్నాను. ఇప్పుడు అతనికి మరీ ఎక్కువ వచ్చింది.

అన్నమాట అన్నారు కాబట్టి మామూలుగా కట్టుబడాలి. కానీ ఇలాంటి ఒప్పందం చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఇల్లు ఎంత పలుకుతుందో ఏజెంటుకు తెలుసు, మీకు తెలియదు. మీకు తక్కువ అంచనా చెప్పడమే అతనికి లాభం. అందుకే న్యూయార్క్ సహా అమెరికాలోని పలు రాష్ట్రాలు దీన్ని నిషేధించాయి. మార్కెట్ ధర తెలిసీ అబద్ధం చెప్పి మీ చేత ఆ మాట అనిపించాడని చూపగలిగితే, పేచీ కమీషన్ దాటి మోసం దాకా వెళ్తుంది.

పని సరిగా చేయలేదు కాబట్టి తగ్గించి ఇవ్వవచ్చా?

ఫొటోలు బాగాలేవు, ఫోన్ ఎత్తలేదు అన్నవి బేరానికి పనికొస్తాయేమో, కోర్టులో నిలవడం కష్టం. పార్టీని తెచ్చి, అమ్మకం అయ్యాక కమీషన్ బాకీ పడ్డట్టే. కొనేవారి ఎక్కువ ఆఫరు మీకు చెప్పకుండా దాచడం, ఇంటి గురించి అబద్ధాలు చెప్పి మిమ్మల్ని చిక్కుల్లో పడేయడం లాంటివైతే వేరే సంగతి. అవి కర్తవ్య భంగం.

బాకీ తీర్చేదాకా మా ఇంటి పత్రాలు ఇవ్వనంటున్నాడు. అంత హక్కుందా?

భారత్‌లో, వినడానికి బాధగా ఉన్నా, ఉండొచ్చు. వేరే ఒప్పందం లేకపోతే, తనకు రావాల్సిన కమీషన్, ఖర్చులు ముట్టేదాకా యజమాని కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 221వ సెక్షన్ ఏజెంటుకు ఇస్తుంది. మీ తరఫున తన చేతికి వచ్చిన డబ్బులోంచి కమీషన్ మినహాయించుకునే వీలు 217 ఇస్తుంది. బాకీ నిజంగా ఉన్నప్పుడే ఈ హక్కులు. అసలు బాకీయే పడకుండా పత్రాలు పట్టుకుంటే అది అక్రమం. ఇంత దూరం రాకుండా ఉండాలంటే ఏజెంటుకు జిరాక్సులే ఇవ్వండి, అడ్వాన్స్ నేరుగా మీ ఖాతాలోకే వేయించుకోండి.

కమీషన్ ఏ మొత్తం మీద లెక్క? ఇంట్లో ఫర్నిచర్‌కు కూడానా?

అగ్రిమెంటులో ఏ ధర అని ఉంటే దాని మీదే. ఏమీ లేకపోతే అసలు అమ్మిన ధర మీద, మొదట చెప్పిన ధర మీద కాదు. ఫర్నిచర్‌కు విడిగా ధర కట్టి అమ్మితే దాన్ని మినహాయించమని అడగవచ్చు. పన్ను అందులోనే కలిసి ఉందా, పైన వేస్తారా అన్నది ముందే రాయించుకోండి. రసీదు తప్పక తీసుకోండి. మూలధన లాభం లెక్కలో అమ్మకం కోసం పెట్టిన బ్రోకరేజీ ఖర్చును భారత్‌లో మినహాయించుకోవచ్చు, రసీదు లేకపోతే అదీ పోతుంది.

అమెరికాలో అమ్మేవారు కొనేవారి ఏజెంటుకు ఇక కట్టక్కర్లేదని విన్నాం. నిజమా?

సగమే నిజం. 2023 అక్టోబరులో మిస్సోరీలో జ్యూరీ ఇచ్చిన తీర్పు, అమ్మేవారి చేత కొనేవారి ఏజెంటు కమీషన్ కట్టించే పద్ధతిని తప్పుపట్టి, దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారం నిర్ణయించింది. 2024 మార్చిలో అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. 2024 ఆగస్టు 17 నుంచి, ఏజెంట్లు ఇళ్ల వివరాలు పంచుకునే ఎమ్‌ఎల్‌ఎస్ జాబితాలో కొనేవారి ఏజెంటుకు ఇంత ఇస్తామని రాయడం ఆగింది. కొనేవారు ఇల్లు చూడకముందే తమ ఏజెంటుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అమ్మేవారు ఇవ్వడం నిషేధం కాలేదు. ఇస్తామా, ఎంత ఇస్తామన్నది ఇప్పుడు విడిగా బేరమాడుకునే విషయమైంది.

లీగల్ నోటీసు వచ్చింది. ముందుగా ఏం చేయాలి?

కోపంలో ఫోన్ చేయకండి. మెసేజ్‌లు, కాల్ వివరాలు, ఇల్లు చూడటానికి వచ్చినవారి పేర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకచోట చేర్చండి, దేన్నీ చెరపకండి. ఆ తర్వాత ఏ భాగం ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో విడదీయండి. "మీరు తెచ్చిన పార్టీకే అమ్మాం. మాట 1 శాతం అన్నది 14వ తేదీ మెసేజ్‌లో ఉంది. ఆ మొత్తం ఈ రోజే పంపుతున్నాం. మీరు అడుగుతున్న మిగతా 1 శాతానికి ఆధారం చూపండి" అన్న తరహా జవాబు చాలా పేచీలను అక్కడికక్కడే ముగిస్తుంది. ఒప్పుకున్న భాగాన్ని కూడా బిగబట్టుకుంటే మీ మీద నమ్మకం పోతుంది. పంపేటప్పుడు వివాదం ఉన్న భాగాన్ని ఒప్పుకున్నట్టు కాదని రాయండి. మొత్తం పెద్దదైతే జవాబు పంపకముందే లాయరుకు చూపించండి.

ఎక్కడ తేల్చుకోవాలి? ఎన్నాళ్లదాకా అడగవచ్చు?

బ్రిటన్‌లో ఇళ్లు అమ్మించే ప్రతి ఏజెంటూ ఏదో ఒక ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యుడై ఉండాలి, అమ్మేవారికి అక్కడ ఖర్చు లేదు. మీ ఇంట్లో కూర్చుని సంతకం చేసిన ఒప్పందమైతే 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు కూడా అక్కడ ఉంది. భారత్‌లో కమీషన్ బాకీ దావా సివిల్ కోర్టులో నడుస్తుంది. సేవాలోపం మీద మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే గడువు 2 ఏళ్లు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రెరా దగ్గర ఏజెంట్ల నమోదు ప్రధానంగా రిజిస్టరైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్లకు సంబంధించినది. పాత ఇంటి అమ్మకపు పేచీకి ఆ దారి తెరుచుకుంటుందని ఆశపడొద్దు. కోర్టుకు ముందు ఇద్దరూ ఒప్పుకునే పెద్దమనిషి ముందో, మధ్యవర్తిత్వ కేంద్రంలోనో ఒక్కసారి కూర్చోవడం మేలు.

గడువు విషయానికొస్తే, భారత్‌లో కమీషన్ బాకీ పడ్డ రోజు నుంచి 3 ఏళ్లు, ఇంగ్లాండులో 6 ఏళ్లు. ఈ మధ్యలో "ఇస్తాలే, కాస్త ఆగు" అని మీరు సంతకంతో రాసిచ్చినా, కొంత చెల్లించి దాన్ని రాతలో ఒప్పుకున్నా, భారత్‌లో ఆ 3 ఏళ్ల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.